ఐదో మనిషికి చోటు లేని బోటు

సెకండ్ హ్యాండ్ బైకు కొనడం మనలో చాలామందికి వచ్చు. కిక్ కొట్టి సౌండ్ వింటాం, టైర్లు చూస్తాం, ఆర్‌సీ అడుగుతాం, మీటరు వెనక్కి తిప్పారేమో అని అనుమానపడతాం, చివర్లో ఇంకో రెండు వేలు తగ్గించమని బేరమాడి ఇంటికి తెచ్చుకుంటాం. మన హాస్టల్ పార్కింగులో ఉన్న బళ్ళలో సగం ఇట్లా వచ్చినవే. అందుకే సెకండ్ హ్యాండ్ బోటు కొనడం కూడా దాదాపు ఇంతే అనుకోవడం చాలా సులభం. ఇంతే కాదు అని చెప్పడానికే ఈ వ్యాసం.

అనంతపురం వైపు బోటు కొనేవాళ్ళు ఎవరబ్బా అని మీరు నవ్వుకోవచ్చు. మా చిన్నాన్న ఉన్నాడు. మాది బత్తలపల్లి. ఆర్డీటీ ఆసుపత్రి ఉన్న ఊరు అంటే మీకు వెంటనే తెలుస్తుంది. ఆయనా, ఆయన స్నేహితులు ఇద్దరూ కలిసి ఒక చిన్న మోటారు బోటు కొనాలని కొన్ని నెలలుగా అనుకుంటున్నారు. వ్యాపారం కోసం కాదు, సరదాకి. పండగలకూ ఆదివారాలకూ పిల్లల్ని తీసుకుని నీళ్ళ మీద తిరగాలని వాళ్ళ ఆశ. కోస్తాలో ఉన్న ఒక దళారి రెండు పాత బోట్ల ఫోటోలు, వీడియోలు వాట్సాప్‌లో పంపాడు. చిన్నాన్న వాటిని నాకు ఫార్వర్డ్ చేసి, "నువ్వు ఇంజనీరింగ్ చదువుతాండావు కదా పాపా, రెండిట్లో యాది మేలో చూసి చెప్పు" అన్నాడు. అప్పటినుంచి నేను చదివిందీ, లెక్క వేసిందీ, ఇంట్లో వాదించిందీ కలిపితే ఇక్కడున్న అభిప్రాయం తయారైంది.

ముందు ఆ రెండు బోట్ల సంగతి.

మొదటిది ఫైబర్ బోటు. 14 అడుగుల పొడవు, నాలుగున్నర అడుగుల వెడల్పు. అడుగు భాగం ఇంగ్లీషు వి అక్షరంలా ఉంటుంది. వెనక 25 హెచ్‌పీ టూ స్ట్రోక్ అవుట్‌బోర్డ్ ఇంజిన్. బోటు వెనక పలకకు బయటివైపు బిగించి, అవసరమైతే విప్పి ఇంటికి తెచ్చుకోగలిగే ఇంజిన్‌ను అవుట్‌బోర్డ్ అంటారు. రెండోది అల్యూమినియం బోటు. 12 అడుగుల పొడవు, ఐదున్నర అడుగుల వెడల్పు, అడుగు చదును. వెనక 9.9 హెచ్‌పీ ఫోర్ స్ట్రోక్ ఇంజిన్. చూడడానికి పెద్ద సైజు రేకు ట్రేలాగా ఉంటుంది. ధర మాత్రం మొదటిదానికంటే 30 వేలు ఎక్కువ.

మా ఇంట్లో ఓటింగ్ పెడితే మొదటి బోటుకు అన్ని ఓట్లూ పడ్డాయి. పొడవుగా ఉంది, ఎరుపు రంగు వేశారు, వీడియోలో నీళ్ళను చీల్చుకుంటూ దూసుకుపోతోంది. అన్నిటికంటే ముఖ్యం, ఆ సౌండ్. రాయలసీమలో నలభై దాటిన మగవాళ్ళ ముందు టూ స్ట్రోక్ ఇంజిన్ స్టార్ట్ చేస్తే ఏమవుతుందో మీకు తెలుసు. ఆర్‌ఎక్స్ 100 ఆగిపోయి దాదాపు ముప్పై ఏళ్ళు అవుతున్నా ఆ మోజు ఇంకా పోలేదు. చిన్నాన్న ఆ వీడియోను కళ్ళతో కాదు, చెవులతో చూశాడని నా అనుమానం.

నా ఓటు రెండోదానికి. కారణాలు ఒక్కొక్కటిగా చెబుతాను.

బోటును ఎంచుకునే ముందు నీళ్ళను చూడాలి. బైకుకు రోడ్డు ఎప్పుడూ ఉంటుంది. మన దగ్గర బోటుకు నీళ్ళు ఎప్పుడూ ఉండవు. మా మండలం మీదుగా పోయే చిత్రావతి కర్ణాటకలో చిక్కబళ్ళాపూర్ వైపు పుట్టి, పుట్టపర్తి, ధర్మవరం దాటుకుని వస్తుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు అందులో కనిపించేది ఇసుకే. మా ఊళ్ళ వాళ్ళకు ఏటి నీళ్ళు ఒకచోట నిలిచి కనిపించాలంటే దిగువన పార్నపల్లి దగ్గరికి పోవాలి. అక్కడ చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయర్ ఉంది. దాని సామర్థ్యం 10 టీఎంసీలు. చిన్నాన్న వాళ్ళ కళ్ళు దానిమీదే.

రిజర్వాయర్ అంటే సముద్రం కాదు, పుట్టుకతో సరస్సూ కాదు. ఒకప్పటి పొలాల మీద నిలబెట్టిన నీళ్ళు. అడుగున గట్లు ఉంటాయి, చెట్ల మొదళ్ళు ఉంటాయి, రాళ్ళు ఉంటాయి. నిండుగా ఉన్నప్పుడు ఇవేవీ తగలవు. మట్టం దిగేకొద్దీ ఒక్కొక్కటీ పైకి వస్తాయి. పోయిన నెల సాఫీగా పోయిన దారిలో ఈ నెల మొద్దు ఉండొచ్చు. అలాంటి నీళ్ళలో మనకు కావలసింది తక్కువ లోతులో తేలే బోటు, తగిలినా మెల్లగా తగిలే బోటు. చదును అడుగు ఉన్న బోటు తక్కువ లోతులోనూ పోతుంది. వి ఆకారపు అడుగు అలలను కోసుకుంటూ వేగంగా పోవడానికి చేసింది. సముద్రం దగ్గర అది గొప్ప గుణమే. ఒడ్డున బురద, మధ్యలో మొద్దులు ఉండే చోట దాంతో పెద్దగా పని లేదు. ఫైబర్‌కు దెబ్బ తగిలితే పగులుతుంది, అల్యూమినియం సాధారణంగా సొట్ట పడుతుంది. సొట్టతో ఒడ్డుకు రావచ్చు.

ఇక గాలి. రామగిరి కొండల మీద అన్ని గాలిమరలు ఊరికే నిలబెట్టలేదు. నైరుతి రుతుపవనాలు మొదలయ్యాక, ఆషాఢమాసంలో మన వైపు గాలి ఎట్లా ఉంటుందో బస్సు కిటికీ పక్కన కూర్చున్న ఎవరైనా చెబుతారు. వెడల్పాటి రిజర్వాయర్ మీద ఆ గాలికి అడ్డం ఏమీ ఉండదు. పొద్దున అద్దంలా ఉన్న నీళ్ళు మధ్యాహ్నానికి అలలు కొడతాయి. చదును అడుగు బోటు ఆ అలల మీద దభీదభీమని కొట్టుకుంటుంది, నడుము నొప్పి పుడుతుంది. ఇది దాని లోపం, దాచను. నా దృష్టిలో ఆ దెబ్బలు "ఇంక వెనక్కి పదండి" అనే హెచ్చరిక. సాఫీగా దూసుకుపోయే బోటు మనల్ని ఒడ్డుకు చాలా దూరం తీసుకెళ్ళాక గానీ గాలి సంగతి చెప్పదు.

ఇప్పుడు లెక్క. ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో మెటాసెంట్రిక్ హైట్ అని ఒక పాఠం ఉంది, గుర్తుందా? పరీక్షలో ఎనిమిది మార్కులకు బట్టీ పట్టి, బయటికి రాగానే వదిలేసిన పాఠం. సీఎస్‌ఈ మిత్రుల కోసం ఒక్క మాటలో చెబుతాను. బోటు ఒక పక్కకు ఒరిగినప్పుడు తిరిగి లేచి నిలబడే బలం దానికి ఎంత ఉందో చెప్పేది ఆ కొలత. అది ఎక్కువగా ఉంటే బోటు లేస్తుంది. సున్నా కిందికి పోతే బోల్తా పడుతుంది.

ఆ కొలతలో ముఖ్యమైన భాగం బీఎం. నీటిమట్టం దగ్గర బోటు ఆకారానికి ఉండే మొమెంట్ ఆఫ్ ఇనర్షియాను, నీళ్ళలో మునిగిన భాగం ఘనపరిమాణంతో భాగిస్తే బీఎం వస్తుంది. ఆకారం దీర్ఘచతురస్రం అనుకుందాం. అప్పుడు ఇనర్షియా అంటే పొడవును వెడల్పు ఘనంతో గుణించి, 12తో భాగించడమే. మొదటి బోటుకు 14 × 4.5 × 4.5 × 4.5 / 12 చేస్తే సుమారు 106. రెండోదానికి 12 × 5.5 × 5.5 × 5.5 / 12 చేస్తే సుమారు 166. రెండింటి మీదా మొత్తం బరువు ఒకటే అనుకుంటే, రెండు అడుగులు పొట్టిగా ఉన్న బోటుకు బీఎం ఒకటిన్నర రెట్లకు పైనే ఉంది. నిజం బోట్లు దీర్ఘచతురస్రాలు కావు, వాటి బరువులూ ఒకటి కావు. కానీ లెక్క ఏవైపు మొగ్గుతుందో తెలియడానికి ఇది చాలు. పొడవు ఒక్కసారే గుణకంలోకి వస్తుంది, వెడల్పు మూడుసార్లు వస్తుంది. ఫోటోలో మన కంటికి కనిపించేది పొడవు. నీళ్ళ మీద మనల్ని కాపాడేది వెడల్పు.

పైగా మనుషులు కూర్చున్నచోట కూర్చోరు. ఒకరు లేచి సెల్ఫీ తీసుకుంటారు, ఇంకొకరు పక్కకు వంగి నీళ్ళు తాకుతారు. మనిషి లేచి నిలబడిన ప్రతిసారీ మొత్తం బరువు కేంద్రం పైకి పోతుంది, మెటాసెంట్రిక్ హైట్ అంత తగ్గుతుంది. సన్నటి బోటులో తగ్గడానికి పెద్దగా మిగిలి ఉండదు.

ఇక ఎంతమంది ఎక్కవచ్చు అనేది. నాకు అసలు కారణం ఇక్కడే ఉంది. మొదటి బోటు గురించి దళారి వాయిస్ మెసేజ్ పెట్టాడు: "ఎనిమిది మంది హ్యాపీగా కూర్చోవచ్చండీ." రెండోదాని గురించి "నలుగురే అండీ, మహా అయితే ఐదుగురు" అన్నాడు. చిన్నాన్న వెంటనే తలకు ఎంత పడుతుందో లెక్క వేశాడు. ఎనిమిది మంది ఎక్కే బోటు తక్కువ ధరకు వస్తుంటే, నలుగురు ఎక్కేదానికి ఎక్కువ డబ్బు పెట్టడం ఏమి తెలివి?

20 అడుగుల లోపు చిన్న మోటారు బోట్లకు అమెరికా కోస్ట్ గార్డ్ చెప్పే ఒక మోటు లెక్క ఉంది. బోటు పొడవును వెడల్పుతో గుణించాలి, రెండూ అడుగుల్లో. వచ్చినదాన్ని 15తో భాగించాలి. చుక్క తర్వాత అంకెలు వదిలేయాలి. అంతమంది ఎక్కవచ్చు, అదీ నీళ్ళు ప్రశాంతంగా ఉన్నప్పుడు. మొదటి బోటుకు 14 × 4.5 అంటే 63, దాన్ని 15తో భాగిస్తే 4.2. రెండోదానికి 12 × 5.5 అంటే 66, భాగిస్తే 4.4. రెండూ నలుగురి బోట్లే! ఎనిమిది అన్నది ఆ బోటులో ఉన్న బల్లల మీద పట్టే మనుషుల లెక్క, బోటు మోయగల మనుషుల లెక్క కాదు.

రెండు బోట్లూ నలుగురివే అయినప్పుడు, ఏది నలుగురి బోటులా కనిపిస్తుందో అది కొనాలని నా వాదన. నేను పంపిన లెక్క చూసి చిన్నాన్న "సరే, మొదటిది కొని నలుగురినే ఎక్కిద్దాం" అన్నాడు. ఆయన మాట మీద నాకు నమ్మకం ఉంది. కానీ సంక్రాంతికి ఇంటినిండా చుట్టాలు ఉన్నప్పుడు, ఒడ్డున పిల్లలు ఏడుస్తున్నప్పుడు, బోటులో రెండు బల్లలు ఖాళీగా కనిపిస్తున్నప్పుడు, పెద్దమ్మ "ఒక్క రౌండే కదా, ఎక్కించుకోప్పా" అన్నప్పుడు ఆ మాట ఎంతసేపు నిలబడుతుంది? మన ఇళ్ళలో ఉన్న చోటును కాదనడం మర్యాద కాదు. ఆటోలో ముగ్గురి సీట్లో ఐదుగురు, పెళ్ళి ట్రాక్టరులో ముప్పై మంది మనకు అలవాటే. ఖాళీ బల్ల చూపిస్తూ "చోటు లేదు" అని చెప్పాలంటే పెద్ద ధైర్యం కావాలి. 12 అడుగుల బోటులో నలుగురు కూర్చుంటే ఇక చోటు కనబడదు. అక్కడ "లేదు" అనే మాట మనం చెప్పక్కరలేదు, బోటే చెబుతుంది.

ఇది ఊహించుకుని భయపడటం కాదు. మన జిల్లాలోనే, గుంతకల్లు మండలంలోని ఎర్రతిమ్మరాజు చెరువులో 2017 ఏప్రిల్ 28న ఒక పడవ బోల్తా పడింది. శుభకార్యానికి వచ్చిన బంధువులు సరదాగా చెరువులో తిరుగుదామని ఎక్కారు. పది మందికి పైగా చనిపోయారు, వాళ్ళలో పిల్లలు ఉన్నారు. అది పెద్ద నది కాదు, వరద కాదు, తుఫాను కాదు. ఊరి చెరువు. ఆ పడవ మోయగలిగినదానికంటే ఎక్కువమంది అందులో ఉన్నారు. అదే ఏడాది నవంబర్ 12న కృష్ణా నదిలో పవిత్ర సంగమం దగ్గర, 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర జరిగినవి రాష్ట్రమంతా గుర్తుపెట్టుకుంది. చెరువు ప్రమాదాన్ని మన జిల్లా దాటి ఎంతమంది గుర్తుపెట్టుకున్నారో తెలియదు. మా చిన్నాన్న కొనబోయే బోటుకు దగ్గర పోలిక మాత్రం చెరువుదే. సరదా, బంధువులు, పిల్లలు, "ఒక్క రౌండే కదా".

ఇప్పుడు ఇంజిన్ సంగతికి వద్దాం. 25 ముందు 9.9 అంటే వినడానికే చిన్నతనంగా ఉంటుంది. కానీ చిన్నాన్న ప్రాణంగా చూసుకున్న ఆర్‌ఎక్స్ 100 కూడా 11 హెచ్‌పీయే. నలుగురు మనుషులను రిజర్వాయర్ మీద గంటకు పది కిలోమీటర్ల వేగంతో తిప్పడానికి 9.9 ధారాళంగా సరిపోతుంది. ఈ వింత అంకెకు ఒక కారణం ఉంది. అమెరికాలో చాలా చిన్న సరస్సుల మీద 10 హెచ్‌పీ దాటిన ఇంజిన్లను రానివ్వరు. ఆ గీతకు ఇవతల ఉండేలా కంపెనీలు 9.9 ఇంజిన్లు చేశాయి. చిన్న నీళ్ళకు చిన్న ఇంజిన్ అనేది ఎక్కడైనా ఒకటే నీతి.

ఖర్చు చూద్దాం. పూర్తి వేగంతో నడిపితే 25 హెచ్‌పీ టూ స్ట్రోక్ గంటకు సుమారు 10 లీటర్లు తాగుతుంది. 9.9 ఫోర్ స్ట్రోక్‌కు సుమారు 4 లీటర్లు చాలు. తేడా 6 లీటర్లు. లీటరు 110 రూపాయలు వేసుకుంటే గంటకు 660. రెండో బోటుకు ఎక్కువ పెట్టిన 30 వేలు 45 గంటల్లో తిరిగి వస్తాయి. ఎప్పుడూ ఫుల్ స్పీడులో తిప్పరు కాబట్టి దానికి రెట్టింపు సమయం అనుకోండి. అయినా రెండు మూడేళ్ళలో లెక్క సరిపోతుంది. టూ స్ట్రోక్‌కు పెట్రోల్‌లో కలపాల్సిన ఆయిల్ ఖర్చు నేను ఇందులో వేయలేదు.

ఆ ఆయిల్ ఎక్కడికి పోతుందనేది ఇంకో ప్రశ్న. కార్బ్యురేటర్ ఉన్న పాత టూ స్ట్రోక్ ఇంజిన్‌లో కొత్త మిశ్రమం లోపలికి వచ్చేటప్పుడే కాలిన పొగ బయటికి పోతుంది. రెండు దారులూ ఒకేసారి తెరిచి ఉంటాయి కాబట్టి లోపలికి వచ్చిన పెట్రోల్‌లో నాలుగో వంతు దాకా కాలకుండానే ఆయిల్‌తో సహా బయటపడుతుంది. బైకు అయితే అది గాలిలోకి పోతుంది. అవుట్‌బోర్డ్ పొగగొట్టం నీళ్ళలోనే ఉంటుంది. శ్రీ సత్యసాయి తాగునీటి పథకానికి ఈ రిజర్వాయర్ కూడా ఒక వనరు. ఒక్క బోటుతో రిజర్వాయర్ పాడైపోతుందని నేను అనను. బిందె నీళ్ళ కోసం తరాలుగా నడిచిన జిల్లాలో పుట్టి, తాగే నీళ్ళ మీద ఆయిల్ పొర వదులుతూ షికారు చేయడం నాకు నచ్చదు, అంతే.

మొదటి బోటు తరఫున చెప్పాల్సినవీ ఉన్నాయి. టూ స్ట్రోక్ ఇంజిన్ తేలిక, లోపల భాగాలు తక్కువ. బత్తలపల్లిలో గానీ ధర్మవరంలో గానీ పాత బైకులు బాగుచేసే మెకానిక్ ఎవరైనా దాన్ని విప్పి చూడగలడు. ఫోర్ స్ట్రోక్ అవుట్‌బోర్డ్‌కు ఏదైనా పెద్ద రిపేరు వస్తే కోస్తాకో, బెంగళూరుకో మోయాలి. ఇది చిన్న మాట కాదు. ఇంకోటి, గాలి ఒక్కసారిగా లేస్తే 25 హెచ్‌పీ తొందరగా ఒడ్డుకు చేరుస్తుంది అని చిన్నాన్న స్నేహితుడు అన్నాడు. నిజమే. కానీ గాలిలో, అలల మీద, నిండా మనుషులతో, ఏ వేగంలో మలుపు తిప్పితే ఏమవుతుందో తెలిసిన సరంగు చేతిలో ఉన్నప్పుడు అది నిజం. ఏడాదికి పదిసార్లు నడిపే మన చేతిలో ఆ 25 హెచ్‌పీ కాపాడేదానికంటే కొత్త ప్రమాదాలు తెచ్చేదే ఎక్కువ. గాలి లేవకముందే వెనక్కి రావడం నేర్చుకోవడం అంతకంటే చవక.

బోటు ఏదైనా, వీడియో చూసి మాత్రం కొనకూడదు. సంతలో ఎద్దును కొనేవాడు పళ్ళు చూడకుండా, నడిపించకుండా పగ్గం పట్టుకోడు. బోటుకూ పళ్ళు ఉంటాయి, అవి ఎక్కడున్నాయో తెలియాలి.

ఫైబర్ బోటునైతే కుండను తట్టి చూసినట్టు అంతటా తట్టాలి. గట్టిగా, ఒకేలా మోగాలి. ఎక్కడైనా బొదబొదమని శబ్దం వస్తే లోపల పొరలు విడిపోయాయని, నీళ్ళు పట్టాయని అర్థం. ఇంజిన్ బిగించే వెనక పలకను ట్రాన్సమ్ అంటారు. పాత ఫైబర్ బోట్లలో దాని లోపల చాలావరకు ప్లైవుడ్ ఉంటుంది, బోల్టుల రంధ్రాల్లోంచి నీళ్ళు దిగి అది కుళ్ళుతుంది. ఇంజిన్‌ను పట్టుకుని గట్టిగా కిందికి, పైకి ఊపండి. పలక కొంచెం కదిలినా ఆ బోటు మనకొద్దు. ఇంజిన్ ఎంత బాగున్నా వద్దు, ఎందుకంటే ఏదో ఒకరోజు ఆ ఇంజిన్ పలకతో సహా నీళ్ళలోకి పోతుంది. అల్యూమినియం బోటునైతే స్టాండు మీద పెట్టి లోపల కొన్ని బిందెల నీళ్ళు పోయాలి. లోపలి నీళ్ళు ఏ రివెట్ దగ్గర బయటికి కారితే, బయటి నీళ్ళు అక్కడే లోపలికి వస్తాయి.

ఇంజిన్‌ను చల్లగా ఉన్నప్పుడే మన ముందు స్టార్ట్ చేయించాలి. ముందే వేడెక్కించి పెట్టారంటే అనుమానించాలి. నీళ్ళ డ్రమ్ములో నడిపిస్తే పక్కనుంచి సన్నటి నీటి ధార ఆగకుండా రావాలి. రాకపోతే కూలింగ్ దారి మూసుకుపోయిందని అర్థం. కోస్తా నుంచి వచ్చే ఇంజిన్లు ఉప్పునీళ్ళలో తిరిగినవి కాబట్టి ఇది మరీ ముఖ్యం. కింద గేర్ ఆయిల్ కొంచెం తీసి చూడాలి. మజ్జిగలా తెల్లగా ఉంటే లోపలికి నీళ్ళు పోతున్నాయి. కంప్రెషన్ గేజ్ పట్టుకుని పోవాలి. రెండు సిలిండర్లు ఉంటే రెండింటి రీడింగ్‌ల మధ్య పది శాతానికి మించి తేడా ఉండకూడదు. నడిపేవాడి చేతికి కట్టుకునే కిల్ స్విచ్ తాడు ఉందో లేదో, లాగితే ఇంజిన్ నిజంగా ఆగుతుందో లేదో చూడాలి. నడిపేవాడు నీళ్ళలో పడినా ఇంజిన్ తిరుగుతూనే ఉంటే, ఆ బోటు గుండ్రంగా తిరిగి అతని మీదికే రావచ్చు.

ఈ పరీక్షల్లో రెండో బోటు తప్పితే నేను మొదటిదానికి ఓటు వేయను. మూడోదాన్ని వెతకమంటాను. "కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి" అన్న సామెత దళారులకు తెలిసినంత మనకు తెలియదు.

కాగితాల మాట. బోటు సరదాకే కదా, కాగితాలు ఎందుకు అనుకుంటారు. 1917 నాటి పాత చట్టం స్థానంలో ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం 2021లో వచ్చింది. లోపలి నీళ్ళ మీద తిరిగే మోటారు బోట్ల సర్వే, రిజిస్ట్రేషన్ దాని కిందికి వస్తాయి. రిజర్వాయర్ నీటిపారుదల శాఖది, వాళ్ళ అనుమతి లేకుండా అందులో ఏ బోటూ దించకూడదు. ఈ రెండూ కుదిరాకే డబ్బు కట్టమని చిన్నాన్నకు గట్టిగా చెప్పాను. ఎందుకంటే ఆయన స్నేహితుల్లో ఒకాయన అప్పుడే ఇంకో మాట అన్నాడు: "ఖాళీగా ఉన్నప్పుడు తలకు వంద తీసుకుని తిప్పితే పెట్రోల్ ఖర్చన్నా వస్తాది కదా!"

ఆ వంద రూపాయలతో అంతా మారిపోతుంది. డబ్బు తీసుకున్న క్షణం నుంచి అది మన సరదా బోటు కాదు, ప్రయాణికుల బోటు. ఎక్కినవాళ్ళు మన చుట్టాలు కాదు, మన బాధ్యత. అప్పుడు ఐదో మనిషి వంద రూపాయల నోటులా కనిపిస్తాడు, ఆరో మనిషి ఇంకో వంద. ఎనిమిది మంది పట్టే బోటు మీద మనసు పోవడం వెనక ఈ లెక్క ఎంతో కొంత ఉందని నేను ఇంట్లో అన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

మరి అసలు బోటే వద్దనొచ్చు కదా? మా నాయనమ్మ మాట అదే. ఆమెతో నేను ఏకీభవించను. కరువు జిల్లాలో పుట్టినవాళ్ళకు నీళ్ళు అంటే ఒకటే అర్థం, దొరకనిది. కాబట్టి అవి ఎప్పుడైనా నిండుగా కనిపిస్తే ఎగబడి దిగుతాం. లోతు తెలియదు, ఈత రాదు, గాలి తెలియదు. నీళ్ళతో పరిచయం ఉంటేనే భయం ఎక్కడ ఉండాలో అక్కడ ఉంటుంది. 2021 నవంబర్ 19న ఇదే చిత్రావతికి వరద వచ్చినప్పుడు చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి దగ్గర చిక్కుకున్న పది మందిని వైమానిక దళం హెలికాప్టర్‌తో బయటికి తీసింది. "చూడు, బోటు ఉంటే అట్లాంటప్పుడు పనికొస్తాది" అని చిన్నాన్న అన్నాడు. రాదు. ఆ ప్రవాహంలో ఈ రెండు బోట్లలో ఏదీ నిలబడదు, దించడం కూడా తప్పే. బోటు కొనడానికి అది కారణం కాదు. పిల్లలకు లైఫ్ జాకెట్ వేసుకోవడం అలవాటవుతుంది, ఈత నేర్చుకుంటారు, గాలి చూసి వెనక్కి తిరగడం నేర్చుకుంటారు. ఈ కారణం నాకు చాలు. తలకొక జాకెట్, రెండు తెడ్లు, ఒక పొడవాటి తాడు, నీళ్ళు తోడడానికి ఒక బకెట్ ధరను కూడా బోటు ధరలోనే కలిపి లెక్క వేసుకోవాలి. "అవి తర్వాత కొందాం" అంటే బోటూ తర్వాతే కొందాం.

చిన్నాన్న ఇంకా తేల్చుకోలేదు. వచ్చే వారం ముగ్గురూ కోస్తాకు పోయి రెండు బోట్లనూ చూస్తారు. గేజ్ ఎక్కడ దొరుకుతుందని అడిగాడు, బిందెలు అక్కడ ఇస్తారా అని కూడా అడిగాడు. ఎరుపు బోటు మీద మనసు ఇంకా పూర్తిగా పోలేదు.

మీలో బోటు కొనేవాళ్ళు ఎవరూ ఉండకపోవచ్చు. ఎక్కేవాళ్ళు మాత్రం అందరూ ఉంటారు. ఇండస్ట్రియల్ టూర్‌లో ఒకసారి, పాపికొండలకో గండికోటకో ఫ్రెండ్స్‌తో పోయినప్పుడు ఇంకోసారి. పెద్ద టూరిస్టు బోటైతే ఎంతమందికి అనుమతి ఉందో రాసిన బోర్డు కోసం వెతకండి. చిన్న బోటైతే ఎక్కేముందు పది సెకన్లు ఆగి పొడవు, వెడల్పు కంటితో కొలవండి. గుణించి 15తో భాగించండి. కాలిక్యులేటర్ అక్కరలేని లెక్క. వచ్చిన అంకె నాలుగై, బోటులో ఐదో మనిషి మనమే అయితే, ఒడ్డున ఆగుదాం. బోటు మళ్ళీ వస్తుంది.